కథనక్రియలు – అనుకారకములు: ఆంగ్లమున ‘దట్’, తెలుగున ‘అని’, రాయపూర్ సీమ భాషలు

1

ఒకరు పలికిన మాటను మరియొకరు తమ వాక్యమున నిలుపునపుడు మూడు విషయములు స్పష్టపడవలెను. ఆ మాట ఎవరిది? ఆ మాట యేమి? దానిని నిలుపుచున్నవాడు దానికి ఎంతవరకు బాధ్యుడు? శాసనపరిష్కర్త తన పూర్వుని మతమును ఉదాహరించినను, న్యాయస్థానమున లేఖకుడు సాక్షి చెప్పినదానిని వ్రాసికొనినను, పత్రికారచయిత సభలోని ప్రసంగమును సంగ్రహించినను ఈ మూడు ప్రశ్నలును తప్పవు. వీనికి సమాధానము వాక్యనిర్మాణమునందే లభింపవలెను. పాఠకుడు ఊహించుకొనునట్లు విడిచిపెట్టరాదు.

ఆంగ్లరచనలో ఈ భారమును కథనక్రియయు, దాని వెనువెంట వచ్చు ‘దట్’ ఉపవాక్యమును వహించుచున్నవి. తెలుగున ‘అని’ అను రూపమును, దాని తరువాత వచ్చు ప్రధానక్రియయు వహించుచున్నవి. అనువాదకులు సాధారణముగా ‘దట్’కు ‘అని’ సమానమని యెంచి పని సాగింతురు. పాఠశాలలో నేర్పు పద్ధతియు అదియే. ఈ సమీకరణము అసత్యము కాదు గాని సగము సత్యము మాత్రమే. ‘దట్’ రాబోవు మాటను చూపును. ‘అని’ గడచిన మాటను ముడివేయును. ఆంగ్లపాఠకుడు ఉపవాక్యమును చదువకముందే దాని విలువను తెలిసికొనును. తెలుగుపాఠకుడు చదివిన పిదప తెలిసికొనును. ఈ వరుసభేదము వలన అనువాదమున ఒకరి వాదము మరియొకరి నిర్ణయముగను, ఊహ నిజముగను మారిపోవు ప్రమాదము కలదు.

ఈ రెండు పద్ధతులను పక్కపక్కనే పరిశీలించుటకు రాయపూర్ సీమ అనువైన స్థలము. అచ్చట హిందీ, ఛత్తీస్‌గఢీ నిత్యవ్యవహారమున నున్నవి. దక్షిణముగా బస్తరు ప్రాంతమున గోండీ మొదలగు ద్రావిడభాషలు కలవు. తెలుగు కుటుంబములును ఆ నగరమున స్థిరపడియున్నవి. ఆంగ్లము చదువునందును, ఉన్నతన్యాయవ్యవహారమునందును ప్రవేశించినది. కావున ఒకే వార్త అచ్చట పలువిధములైన వాక్యములుగా వినవచ్చును.

2

ముందుగా ఆంగ్లపద్ధతిని చూతము. ‘దట్’ మూలమున నిర్దేశక సర్వనామము. తెలుగున ‘అది’ వంటిది. ‘అతడు అది చెప్పెను: వాన వచ్చును’ అను రెండు తునుకల నుండి, ‘అది’ అను మాట రెండవ తునుకతో కలిసిపోయి ఉపవాక్యమునకు ముఖద్వారమైనదని ఆ భాషాచరిత్ర వ్రాసినవారు వివరించియున్నారు. డేనిష్ పండితుడు ఆటో యెస్పర్సన్ ఇట్టి ఉపవాక్యములను ‘విషయవాక్యములు’ అను అర్థమిచ్చు పేరుతో వ్యవహరించెను. ప్రధానక్రియ యొక్క విషయమే ఆ ఉపవాక్యమని యాతని భావము.

ఆంగ్లమున ఏ క్రియ దట్-ఉపవాక్యమును కోరునో, ఏది కోరదో నిఘంటువు చూచి నేర్చుకొనవలసినదే. ‘సే’ అను క్రియకు వినువాడు నేరుగా కర్మ కాజాలడు. ‘టెల్’ అను క్రియకు వినువాడు సాధారణముగా తప్పనిసరి. ‘టోల్డ్ మీ దట్’ సాధువు. ‘సెడ్ మీ దట్’ అసాధువు. ‘ఎక్స్‌ప్లెయిన్’ అను క్రియకు వినువానిని తెలుపవలెనన్న ‘టు’ అను విభక్త్యర్థకము కావలెను. తెలుగున ‘నాతో చెప్పెను’, ‘నాకు తెలిపెను’, ‘నాకు వివరించెను’ అని అన్ని క్రియలకును వినువానిని చేర్చుటకు వీలున్నది. కనుకనే తెలుగు విద్యార్థి ఆంగ్లమున ఈ తావున తరచుగా తడబడును.

అర్థమును బట్టి ఈ కథనక్రియలను స్థూలముగా నాలుగు తెగలుగా విభజింపవచ్చును. కేవలము పలుకుటను తెలుపునవి మొదటి తెగ. ‘సే’, ‘స్టేట్’, ‘రిపోర్ట్’ ఇందు చేరును. పలికినవాని పట్టుదలను గాని సంకోచమును గాని తెలుపునవి రెండవ తెగ. ‘ఆర్గ్యూ’ అనగా వాదించుట, ‘మెయిన్‌టెయిన్’ అనగా పట్టుబట్టి చెప్పుట, ‘సజెస్ట్’ అనగా సూచించుట, ‘క్లెయిమ్’ అనగా నిజమో కాదో తేలకయే తనదిగా ప్రకటించుట. ఉపవాక్యము నిజమేయని వ్రాయుచున్నవాడును అంగీకరించినట్లు చూపునవి మూడవ తెగ. ‘నో’, ‘రియలైజ్’, ‘పాయింట్ అవుట్’ ఇట్టివి. నిషేధమును తమలోనే ఇముడ్చుకొనినవి నాలుగవ తెగ. ‘డినై’ ఇందుకు ఉదాహరణము. మూడవ తెగలోని విశేషమును పాల్ కిపార్‌స్కీ, కేరల్ కిపార్‌స్కీ 1970లో ప్రకటించిన వ్యాసమున సిద్ధాంతీకరించిరి. ‘వాన కురిసినదని వానికి తెలియదు’ అనినను వాన కురిసిన మాట నిలిచియే యుండును. ‘వాన కురిసినదని వాడు చెప్పలేదు’ అనినచో వాన కురిసినదో లేదో తేలదు. నిషేధించినను చెదరక నిలుచు ఈ నిశ్చయము క్రియలోనిదే.

విద్వద్రచనలో ఈ భేదము మరింత ముఖ్యమగును. జెఫ్ థామ్సన్, యె యియున్ అను ఇరువురు 1991లో ఆంగ్ల పరిశోధనవ్యాసములలోని కథనక్రియలను పరిశీలించి, ఒక్కొక్క క్రియయు ఉదాహృతుడైన గ్రంథకర్త వైఖరిని, ఉదాహరించుచున్న రచయిత వైఖరిని వేరువేరుగా తెలుపగలదని చూపిరి. ‘ఫలానివాడు చూపెను’ అని వ్రాసినవాడు ఆ నిర్ణయమును తానును ఒప్పుకొనుచున్నాడు; ‘ఫలానివాడు ప్రకటించెను’ అను తీరున ‘క్లెయిమ్’ క్రియను వాడినవాడు తాను దూరముగా నిలుచుచున్నాడు. ఈ తీర్పు వాక్యమున మొదటనే వెలువడును. దట్-ఉపవాక్యము ఎంత దీర్ఘమైనను పాఠకుడు దానిని ఆ తీర్పు వెలుగులోనే చదువును.

‘దట్’ను విడుచుటయు ఆంగ్లమున కలదు. ‘సే’, ‘థింక్’ వంటి నిత్యక్రియల వెనుక సంభాషణమున అది తరచు లోపించును. గంభీరమైన క్రియల వెనుకను, క్రియకును ఉపవాక్యమునకును నడుమ ఇతరపదములు వచ్చినపుడును వ్రాతలో అది నిలుచును. ప్రధానక్రియ భూతకాలమున నున్నచో ఉపవాక్యములోని క్రియయు తరచుగా భూతమునకు జరుగును. ‘నేను’ అను మాట ‘అతడు’గా మారును. అనగా ఆంగ్లవాక్యము పలికినవాని స్థానమును విడిచి వ్రాయుచున్నవాని స్థానమునకు సమస్తమును తరలించుకొనును.

3

తెలుగు పద్ధతి వేరు. ‘అని’ అనునది ‘అను’ ధాతువు యొక్క క్త్వార్థకరూపము. ‘పలికి’ అని దాని మూలార్థము. ఆధునిక వాక్యపరిశీలనలో దీనికి ‘అనుకారకము’ అను పేరు కలదు. చేకూరి రామారావు 1975లో వెలువడిన ‘తెలుగు వాక్యం’ అను గ్రంథమున ప్రత్యక్షానుకృతి, పరోక్షానుకృతి అను విభాగముతో దీని ప్రవృత్తిని వివరించెను. ‘వాన వచ్చునని వాడు చెప్పెను’ అనునపుడు మొదట మాట, పిదప దానిని ముడివేయు ‘అని’, కట్టకడపట ‘చెప్పెను’ అను ప్రధానక్రియ నిలుచును. ఆంగ్లమున వలె అనుకారకమును విడిచిపెట్టుట సామాన్యముగా కుదరదు. ‘వాన వచ్చును వాడు చెప్పెను’ అనినచో వాక్యము విరిగిపోవును.

‘అని’ కథనమునకు మాత్రమే పరిమితము కాదు. ‘వాన వచ్చునని గొడుగు తెచ్చెను’ అనునపుడు అది హేతువును తెలుపును. ‘చదువవలెనని పట్టణమునకు పోయెను’ అనునపుడు ప్రయోజనమును తెలుపును. ‘సోమన్న అని ఒక రైతు’ అనునపుడు పేరును తెలుపును. ‘గల్లుమని మ్రోగెను’ అనునపుడు ధ్వనిని అనుకరించును. ఈ ప్రయోగములలో ఎచ్చటను ఎవరును నోటితో పలుకుట లేదు. పలుకుట అను మూలార్థము క్షీణించి, మనసులోని తలపునైనను, వట్టి ధ్వనినైనను వాక్యములోనికి తెచ్చి నిలుపుటకు ‘అని’ సాధనమైనది. ఆంగ్లమున ‘దట్’ ఈ పనులలో పెక్కింటిని ఒంటరిగా చేయజాలదు. కాబట్టి తెలుగు నుండి ఆంగ్లమునకు పోవునపుడు ప్రతి ‘అని’యు ‘దట్’ కాదు.

ప్రశ్నలను గూర్చియు భేదము కలదు. తెలుగున ‘నీవు వత్తువా అని అడిగెను’ అనవచ్చును. ప్రశ్నయు ‘అని’తోనే ముగియును. ఆంగ్లమున అడుగుటను తెలుపు ‘ఆస్క్’ వెనుక ప్రశ్నార్థమున ‘దట్’ రాదు. ‘ఇఫ్’ గాని ‘వెదర్’ గాని ప్రశ్నవాచకము గాని రావలెను. హిందీలో ‘పూఛా కి’ అని ప్రశ్నకును ‘కి’యే వచ్చును. అందుచేత రాయపూర్‌లో హిందీ మాతృభాషగా గల విద్యార్థియు, తెలుగు మాతృభాషగా గల విద్యార్థియు ‘ఆస్క్‌డ్ దట్’ అని వ్రాసి ఒకే తప్పునకు లోనగుటకు అవకాశము కలదు. ఇంటిభాషలు వేరైనను తప్పునకు మూలమొక్కటియే: రెండు భాషలందును అనుకారకము ప్రశ్నను భరింపగలదు.

తెలుగున అన్నిటికంటె విశేషమైనది పురుషవ్యవస్థ. ‘రాముడు తాను వత్తునని చెప్పెను’ అను వాక్యమున ‘తాను’ ప్రథమపురుష సర్వనామమైనను దాని క్రియ ‘వత్తును’ అని ఉత్తమపురుషమున నున్నది. సర్వనామము వ్రాయుచున్నవాని దృష్టిలోనిది. క్రియ పలికినవాని నోటిలోనిది. రెండు స్థానములును ఒకే ఉపవాక్యమున నిలిచినవి. వ్యవహారమున ‘తను వస్తానని చెప్పాడు’ అనుటలోను ఇదియే తీరు. ఇటీవలి వాక్యశాస్త్రపరిశోధనలలో ప్రపంచభాషల పురుషవ్యవస్థను చర్చించువారు తెలుగులోని ఈ తీరును ప్రత్యేకముగా పరిశీలించియున్నారు.

ఈ నిర్మాణము వలన తెలుగునకు గొప్ప సౌకర్యము కలిగినది. ఆంగ్లమున ‘తాను దోషి కాడని అతడు చెప్పెను’ అను భావమును సర్వనామములతో వ్రాసినపుడు రెండు ‘హి’లు వచ్చును. లోపలి ‘హి’ పలికినవాడా, మరియొకడా అను సందేహము సందర్భము చేతనే తీరవలెను. తెలుగున ‘తాను దోషిని కానని చెప్పెను’ అన్నచో పలికినవాడే. ‘అతడు దోషి కాడని చెప్పెను’ అన్నచో సామాన్యముగా మరియొకడు. అయితే ‘రాముడు నేను వత్తునని చెప్పెను’ అనునపుడు మాత్రము చిక్కు కలదు. ఆ ‘నేను’ రాముడు కావచ్చును. ఈ వాక్యమును పలుకుచున్నవాడును కావచ్చును. సాక్ష్యమును ఆంగ్లమున వ్రాసికొను లేఖకుడు ఇచ్చట ఆగి అడుగక ‘ఐ’ అని గాని ‘హి’ అని గాని వ్రాసినచో, చేసినవాడొకడు, చేసినట్లు వ్రాయబడినవాడు మరియొకడు కావచ్చును.

4

రాయపూర్ నుండి ధంతరి, కాంకేర్, జగదల్‌పూర్, కోంటాల మీదుగా భద్రాచలము వైపునకు రాజమార్గము కలదు. ఆ మార్గమున దక్షిణముగా ప్రయాణము చేయువానికి మొదట ఛత్తీస్‌గఢీ, పిదప హల్బీ, గోండీ, కడపట తెలుగు వినవచ్చును. తూర్పున పార్వతీపురము నుండి రాయపూర్ వరకు రైలుమార్గము 1931లో పూర్తియై విజయనగరము సీమను ఈ నగరముతో కలిపినది. ఈ రెండు దారులును ఇండో-ఆర్య, ద్రావిడ భాషాకుటుంబముల సరిహద్దును దాటుచున్నవి.

రాయపూర్‌లో హిందీవాక్యము ‘ఉస్‌నే కహా కి బారిశ్ హోగీ’ అని నడచును. ప్రధానక్రియ ముందు, ‘కి’ నడుమ, ఉపవాక్యము కడపట. ఈ వరుస ఆంగ్లమునకు సన్నిహితము. హిందీలో ఈ ‘కి’ పారసీక ప్రభావము వలన నెలకొనినదని సామాన్యాభిప్రాయము. ఇతర వాక్యములందు క్రియను కడపట నిలుపు హిందీ, దీర్ఘమైన ఉపవాక్యమును మాత్రము క్రియకు వెనుకకు నెట్టి, వినువానికి ముందుగనే హెచ్చరిక యిచ్చుచున్నది. అయినను హిందీ పురుషమును, కాలమును ఆంగ్లమువలె తప్పక మార్చదు. పలికినవాని ‘మైఁ’ తరచుగా ‘మైఁ’గానే నిలుచును.

ఛత్తీస్‌గఢీలో రెండు మార్గములును కలవు. ‘ఓ హ కహిస్ కె పానీ గిరహీ’ అని హిందీ తీరున చెప్పవచ్చును. ‘పానీ గిరహీ కహికే ఛాతా ధరిస్’ అనియు చెప్పవచ్చును. రెండవదానిలోని ‘కహికే’ అనగా ‘చెప్పి’. ‘వాన పడునని గొడుగు పట్టెను’ అను తెలుగువాక్యమునకు ఇది మాటకు మాట సరిపోవుచున్నది. ఇచ్చటను నోటితో పలుకుట లేదు. హేతువు మాత్రమే కలదు. తెలుగు ‘అని’ పొందిన అర్థక్షయమును ‘కహికే’యును పొందినది.

ఛత్తీస్‌గఢీ వ్యాకరణచరిత్రయు రాయపూర్ జిల్లాతో ముడివడినదే. ధంతరిలో ఉపాధ్యాయుడైన హీరాలాల్ కావ్యోపాధ్యాయ 1885లో ఈ భాషకు వ్యాకరణము రచించెను. ధంతరి ఆనాడు రాయపూర్ జిల్లాలోనిది. జార్జి గ్రియర్సన్ దానిని ఆంగ్లమునకు పరివర్తించి 1890లో బెంగాలు ఆసియాటిక్ సొసైటీ పత్రికలో ప్రకటించెను. పిమ్మట భారతభాషాపరిశీలనమున ఛత్తీస్‌గఢీని ప్రాచ్యహిందీ సంపుటమున చేర్చెను. ఛత్తీస్‌గఢ్ రాష్ట్రము 2000 నవంబరు 1న ఏర్పడినది. 2007 నవంబరు 28న ఆ రాష్ట్రశాసనసభ ఛత్తీస్‌గఢీని రాజభాషగా గుర్తించు బిల్లును ఆమోదించినది. పరిపాలనలో వాడుటకు సంకల్పించిన భాషకు నివేదికలును, సాక్ష్యములును, ఉత్తరువులును వ్రాయు వాక్యశైలి యేర్పడవలెను. ‘కె’ మార్గమా, ‘కహికే’ మార్గమా అనునది అప్పుడు కేవలము వ్యాకరణచర్చగా నుండదు.

బస్తరున గోండీలో ‘ఇన్-’ అను ధాతువునకు పలుకుటయని యర్థము. దాని ‘ఇంజీ’ అను రూపము తెలుగు ‘అని’ వలె అనుకారకముగా పనిచేయును. కోండలో ‘ఇన్-’, కన్నడమున ‘ఎన్-, అన్-’, తమిళమున ‘ఎన్-’, తెలుగున ‘అన్-’, కూడుఖ్‌లో ‘ఆన్-’ ఒకే కుటుంబమునకు చెందిన సజాతీయధాతువులు. బరో, ఎమెనోల ద్రావిడ వ్యుత్పత్తికోశమున ఇవన్నియు ఒకే ఆరోపమున చేర్పబడినవి. పలుకుటను తెలుపు ధాతువు నుండి అనుకారకమును ఏర్పరచుకొనుట ద్రావిడభాషలలో సువ్యాప్తమైన లక్షణము.

ఇండో-ఆర్యభాషలందును ఇట్టివి లేకపోలేదు. బంగాళీలో ‘బోలే’, ఒడియాలో ‘బోలి’, మరాఠీలో ‘మ్హణూన్’, నేపాలీలో ‘భనేర’, దక్ఖినీలో ‘బోల్‌కే’ ఈ తీరునవే. సంస్కృతమున ‘ఇతి’ పలుకుటను తెలుపు ధాతువు నుండి పుట్టినది కాకున్నను, ఉదాహృతవాక్యమునకు వెనుక నిలిచి అదే పని చేయును. ఎఫ్. బి. జె. కైపర్ 1967లో ‘ఇతి’ ప్రయోగవ్యాప్తిలో ద్రావిడప్రభావమును చూచెను. హాన్స్ హెన్రిక్ హాక్ 1982లో ఆ మతమును విమర్శించి, సంస్కృతము తన అంతర్గతపరిణామము వలననే ఈ స్థితికి రాగలదని వాదించెను. ఈ వివాదము ‘కహికే’ విషయమునను ఒక హెచ్చరిక. పలుకుటను తెలుపు క్రియ అనుకారకముగా మారుట పశ్చిమాఫ్రికాలోని ఎవే వంటి దూరభాషలలోను కానవచ్చును. కనుక ఛత్తీస్‌గఢీ దీనిని గోండీ నుండియో తెలుగు నుండియో గ్రహించినదని సామ్యమాత్రము చేత నిర్ణయింపరాదు. దక్ఖినీకి తెలుగు, కన్నడములతో చిరకాలసాంగత్యము ప్రత్యక్షముగా నున్నది గాన అచ్చట ప్రభావము చెప్పుట సులభము. ఇతరచోటుల ప్రయోగముల వయస్సును, వ్యాప్తిని ముందు తేల్చవలెను.

5

ఇక అనువాదమునకు వత్తము. ఆంగ్లమున ఒక చరిత్రకారుడు మరియొకని గూర్చి, ‘ఈ శాసనము కూటసృష్టియని ఆయన క్లెయిమ్ చేయుచున్నాడు’ అను తీరున వ్రాసెననుకొందము. తెలుగు అనువాదకుడు ‘ఈ శాసనము కూటసృష్టియని ఆయన చెప్పెను’ అని వ్రాసినచో వ్యాకరణదోషమేమియు లేదు. కాని మూలరచయిత ఉంచిన దూరము పోయినది. ‘ఆయన చూపెను’ అని వ్రాసినచో మరింత అనర్థము. మూలరచయిత ఒప్పుకొనని నిర్ణయమును ఒప్పుకొనినట్లయ్యెను. దోషము ‘అని’లో లేదు. ‘అని’ తటస్థము. అది మాటను ముడివేయునే గాని దానికి విలువ కట్టదు. విలువ కట్టవలసినది కడపటి క్రియ. దానిని ‘చెప్పెను’ అను ఒక్క మాటకు కుదించుటయే తరచుగా జరుగు పొరపాటు.

తెలుగునకు ఈ విషయమున దారిద్ర్యము లేదు. ‘అని వాదించెను’, ‘అని ప్రతిపాదించెను’, ‘అని ఊహించెను’, ‘అని సూచించెను’, ‘అని నిరూపించెను’, ‘అని ఒప్పుకొనెను’, ‘అని బుకాయించెను’ అను క్రియలు ఒక్కొక్కటి వేరువేరు బాధ్యతను తెలుపును. ఇవి గాక వాక్యనిర్మాణమునందే మరి మూడు మార్గములు కలవు.

మొదటిది ‘సంగతి’, ‘విషయము’ వంటి నామములతోడి నిర్మాణము. ‘శాసనము కూటసృష్టియని ఆయన గుర్తించెను’ అనుటకంటె ‘శాసనము కూటసృష్టి యైన సంగతిని ఆయన గుర్తించెను’ అనుట బలవత్తరము. ఇచ్చట వ్రాయుచున్నవాడును దానిని నిజముగా నంగీకరించుచున్నాడు. ఆంగ్లమునందలి మూడవ తెగ క్రియలకు ఇది మిక్కిలి సన్నిహితము. రెండవది ‘అట్లు’ తోడి నిర్మాణము. ‘మంత్రి రాజీనామా యిచ్చినట్లు తెలియుచున్నది’ అని పత్రికలు వ్రాయును. పలికినవాని మాటలను యథాతథముగా గాక సారాంశముగా గ్రహించితిమని ఈ రూపము తెలుపును. మూడవది ‘అట’. ‘మంత్రి రాజీనామా యిచ్చెనట’ అనునపుడు కథనక్రియయే లేదు, చెప్పినవాడును లేడు. మాట మాత్రము వినవచ్చినది. ఆంగ్లమున ‘ఇట్ ఈజ్ సెడ్ దట్’ అని కర్మణిప్రయోగముతో ఒక పూర్తి ప్రధానవాక్యమును కట్టవలసినచోట తెలుగు ఒక చిన్న ప్రత్యయముతో పని ముగించును. అయితే విద్వద్రచనలో ‘అట’ తరచుగా ఎగతాళిని ధ్వనించును. కనుక కేవలము తటస్థమైన జనశ్రుతికి ‘అని ప్రతీతి’, ‘అందురు’ అనునవి యుక్తములు.

నిషేధమున మరింత జాగ్రత్త కావలెను. ‘వాడు వచ్చెనని నాకు తెలియదు’ అనునపుడు వాడు వచ్చుట సామాన్యముగా నిజము; తెలియకపోవుట నాది. ‘వాడు వచ్చెనో లేదో నాకు తెలియదు’ అనునపుడు రాకయే సందేహము. ‘రాలేదని చెప్పెను’, ‘వచ్చెనని చెప్పలేదు’ అను రెండును ఒకటి కావు. మొదటివాడు ఒక మాట పలికినాడు, రెండవవాడు ఊరకుండియు ఉండవచ్చును. ‘అనుకొను’ క్రియతో మాత్రము ఈ హద్దు సడలును. ఆంగ్లమున ‘వాడు వచ్చునని నేను తలపను’ అను తీరున ప్రధానక్రియకు చేర్చిన నిషేధము తెలుగున ‘వాడు రాడనుకొందును’ అని ఉపవాక్యమున నిలుచుటయే సహజము. అంతేకాక ‘వాడు వచ్చెననుకొంటిని’ అని భూతమున వాడినపుడు ఆ తలపు తప్పైనదని తెలుగువాడు గ్రహించును. ఆంగ్లమున ‘థాట్ దట్’ ప్రతిచోట అంత స్పష్టముగా ఆ భావమును ఈయదు.

వరుసభేదమువలన కలుగు కష్టము దీర్ఘవాక్యములలో బయటపడును. ఆంగ్లమున మొదట ‘ఫలానివాడు వాదించుచున్నాడు’ అని వచ్చిన పిదప నలువది మాటల ఉపవాక్యము వచ్చినను పాఠకుడు దారి తప్పడు. దానినే తెలుగున యథాక్రమముగా తిప్పినచో నలువది మాటలును వ్రాయుచున్నవాని సొంతనిర్ణయములవలె చదువబడి, కడపట ‘అని వాదించెను’ అనుచోట పాఠకుడు వెనుకకు మరలవలసివచ్చును. అందులో మరియొక ఉదాహృతమతము చేరినచో ‘అని’ మీద ‘అని’ పేరుకొనును. కర్తను మొదట ఉంచి క్రియను కడపట ఉంచినను నడుమ దూరము తగ్గదు.

దీనికి మందు తెలుగుననే కలదు. ‘ఆయన మతమున’, ‘ఆయన వాదము ప్రకారము’ అని మొదటనే బాధ్యతను ప్రకటించి, పిదప ఉపవాక్యమును చిన్నవాక్యములుగా విడదీయవచ్చును. లేదా ‘ఆయన వాదించినదేమనగా’ అని ఆరంభింపవచ్చును. ఈ ‘ఏమనగా’ హిందీ ‘కి’ చేయు పనిని తెలుగున చేయుచున్నది. అది పరభాషానుకరణము కాదు. దాని లోపలను ‘అను’ ధాతువే కలదు. అయితే చిన్నవాక్యములందు సైతము దీనిని వాడినచో రచన అనువాదపు వాసన కొట్టును. ఉపవాక్యము దీర్ఘమైనచోటనే దానికి ప్రయోజనము.

6

ఇంతవరకు చూచినదానిని బట్టి కొన్ని నిర్ణయములు చేయవచ్చును. ఆంగ్లమున కథనక్రియ రెండు పనులు చేయును: ఉపవాక్యమునకు దారితీయుట, దానికి విలువ కట్టుట. తెలుగున దారిని ‘అని’ చూచుకొనును. విలువ కట్టుట మాత్రమే క్రియకు మిగులును. హిందీ ఆంగ్లపు వరుసను, పలికినవాని పురుషమును కలిపి నడుపును. ఛత్తీస్‌గఢీ ఉభయమార్గములను కాపాడుకొనుచున్నది. కనుక ఒక భాషలోని కథనవాక్యమును మరియొక భాషలోనికి తెచ్చునపుడు అనుకారకమునకు అనుకారకమును వెదకుట చాలదు. మూలమున విలువ ఎచ్చట కట్టబడినదో చూచి, లక్ష్యభాషలో దానికి తగిన చోటును వెదకవలెను.

ద్విభాషానిఘంటువులు కూర్చువారు ప్రతి కథనక్రియకును అర్థమును మాత్రమే గాక, అది ‘అని’ని కోరునో, ‘అట్లు’ను కోరునో, ‘సంగతి’ని కోరునో, ఉపవాక్యపు నిజమునకు పూచీపడునో పడదో కూడ చూపినచో అనువాదకులకును, బోధకులకును ఎంతో మేలు. రాయపూర్ నుండి కోంటా వరకు గల దారిలోని భాషలకు ఇట్టి పట్టికను సిద్ధముచేయుట ఇండో-ఆర్య, ద్రావిడ పరిశోధకులు కలిసి చేయదగిన పని. ఒకని మాట మరియొకని మాటగా చెలామణి కాకుండ చూచుట విద్వాంసునకు ప్రథమధర్మము. దానికి కావలసిన సాధనములు మన వాక్యములందే యున్నవి.